ఓడిపోని సిద్ధాంతాలు

2024 జూన్ 4 సాయంత్రానికల్లా మా ఊళ్ల గురించి మూడు వాక్యాలు తయారైపోయాయి. హిందూపురం గురించి: "అది నందమూరి కోట, అక్కడ ఎవరూ ఏమీ చేయలేరు." పెనుకొండ గురించి: "కియా తెచ్చినవాళ్లను జనం మళ్లీ గుర్తు చేసుకున్నారు." ధర్మవరం గురించి: "పొద్దున్నే వీధుల్లో తిరిగి వీడియోలు తీస్తే ఓట్లు పడవని తేలిపోయింది." ఇవి టీవీలో విన్నాను, యూట్యూబ్‌లో విన్నాను, రెండు రోజుల తర్వాత రాజనీతిశాస్త్రంలో పీహెచ్‌డీ చేస్తున్న నా స్నేహితుడి నోట కూడా విన్నాను. వాడు కాస్త చదువుకున్నవాడు కాబట్టి వాటికి పేర్లు పెట్టాడు: పార్టీ ఐడెంటిఫికేషన్, రెట్రోస్పెక్టివ్ ఓటింగ్, యాంటీ ఇన్‌కంబెన్సీ.

ఆ వాక్యాలు తప్పని నేననడం లేదు. ఫలితం ఇంకో రకంగా వచ్చి ఉంటే అదే మనుషులు అంతే ధీమాగా ఇంకో మూడు వాక్యాలు చెప్పి ఉండేవాళ్లు. నా గొడవంతా అక్కడే ఉంది. మా వైపు ఎమ్మెల్యేలు ఓడిపోతారు, మంత్రులు ఓడిపోతారు, సిద్ధాంతాలు మాత్రం ఓడిపోవు. వాటికి డిపాజిట్ కూడా పోదు, ఎందుకంటే ఎవరూ కట్టరు.

రాజకీయాలను ఎట్లా చదవాలన్నదాని మీద యూనివర్సిటీల్లో పాత తగవు ఒకటుంది. 1994లో కింగ్, కోహేన్, వెర్బా అనే ముగ్గురు 'డిజైనింగ్ సోషల్ ఎంక్వైరీ' అనే పుస్తకం రాశారు. అంకెలతో చేసే పరిశోధనకైనా, మనుషులతో మాట్లాడి చేసే పరిశోధనకైనా ఆధారం నుంచి నిర్ధారణకు వెళ్లే తర్కం ఒకటేనన్నారు. మీ తర్కాన్ని మా నెత్తిన రుద్దకండి అని రెండో పక్షం తిరగబడింది. 2000లో 'మిస్టర్ పెరెస్త్రోయికా' అనే మారుపేరుతో ఎవరో పంపిన ఒక ఈమెయిల్ అమెరికా రాజనీతిశాస్త్రజ్ఞుల సంఘాన్నే కుదిపేసింది. గణాంకాలూ గేమ్ థియరీ తప్ప మీ పత్రికలో ఇంకేమీ అచ్చు కాదా అన్నది దాని ఫిర్యాదు. అంతకుముందే, 1988లో, గేబ్రియల్ ఆల్మండ్ ఈ శాస్త్రంలో వాళ్లంతా వేర్వేరు బల్లల దగ్గర కూర్చుని భోంచేస్తున్నారని వాపోయాడు.

ఆ తగవు మన దగ్గరికి సెకండ్ హ్యాండ్‌లో వచ్చింది. ఇక్కడ సర్వే వాళ్లు ఒకవైపు. "నేను గ్రౌండ్‌లో తిరిగొచ్చాను" అనేవాళ్లు ఇంకోవైపు. గ్రాంసీని, ఫూకోని చదివి ఏ ఊరికైనా అతికించగల మనలాంటి వాళ్లం మూడోవైపు. ముగ్గురం ఒకరినొకరు ఎద్దేవా చేసుకుంటూ ఉంటాం. ఆ సందట్లో, 'ఏం జరిగితే నువ్వు చెప్పింది తప్పని ఒప్పుకుంటావు?' అనే మాట ఎవరూ ఎవరినీ అడగడం లేదు. మూడు ఊళ్ల మీద ఆ ప్రశ్న వేసి చూద్దాం.

*

హిందూపురం అసెంబ్లీ సీటు 1983 నుంచి తెలుగుదేశం చేతిలోంచి పోలేదు. ఎన్టీఆర్ 1985, 1989, 1994లలో అక్కడ గెలిచారు. 1989లో కల్వకుర్తిలో ఓడిపోయిన మనిషి అదే రోజుల్లో హిందూపురంలో గెలిచారు. ఆయన పోయాక 1996 ఉపఎన్నికలో హరికృష్ణ, 2014 నుంచి వరసగా మూడుసార్లు బాలకృష్ణ. చూడగానే సినిమా మోజు అనిపిస్తుంది, కుటుంబ వారసత్వం అనిపిస్తుంది. బయటి ఊరివాళ్లకు ఈ వివరణ మహా ఇష్టం. పైగా 'సమరసింహారెడ్డి'లో సీమ కత్తి పట్టినాయనే సీమ ఎమ్మెల్యే అయ్యాడంటే వ్యాసానికి శీర్షిక కూడా దొరికినట్టే.

సరే, మరి 1999, 2004, 2009? ఆ మూడు ఎన్నికల్లోనూ అభ్యర్థి నందమూరి కాదు. వెంకటరాముడు, రంగనాయకులు, అబ్దుల్ ఘని గెలిచారు. 2004లో రాష్ట్రమంతా కాంగ్రెస్ ఊపు మీదున్నప్పుడు కూడా ఈ సీటు కదల్లేదు. సినిమా సిద్ధాంతం ఇక్కడ ఆగిపోవాలి. ఆగదు. "అది ఎన్టీఆర్ నాటిన విత్తనం" అంటుంది.

అయితే కులమా? కమ్మ అభ్యర్థి లేకపోయినా గెలిచింది కదా. ముస్లిం ఓటా? ఘని గెలిచినప్పుడు "ముస్లింలు ఎక్కువున్న ఊరు కదా" అన్నారు. 2019లో వైసీపీ మాజీ పోలీసు అధికారి ఇక్బాల్‌ను నిలబెట్టింది, రాష్ట్రమంతా జగన్ గాలి వీచింది, అయినా బాలకృష్ణే గెలిచారు. "ముస్లింలు లౌకికంగా ఓటేశారు" అన్నారు. 2024లో వైసీపీ ఒక బీసీ మహిళను నిలబెడితే మెజారిటీ 32 వేలు దాటింది. దానికీ ఒక మాట దొరికింది. గెలిచినా ఓడినా దొరికే మాటను వివరణ అనలేం. అది ఓదార్పు.

పోనీ ఇది పార్టీ మీద తరాల విధేయత అనుకుందాం. అమెరికాలో 1960లలో మిషిగన్ యూనివర్సిటీ వాళ్లు చెప్పింది అట్లాంటిదే: మనిషికి పార్టీ అనేది మతంలాగా ఇంట్లోంచి వస్తుందని. మరి 2021లో ఇదే హిందూపురం పురపాలక సంఘం వైసీపీ చేతికి ఎట్లా వెళ్లింది? ఆ వార్డుల్లో ఓటేసిన జనమే అంతకుముందూ తర్వాతా బాలకృష్ణకు వేశారు. పట్నం ఓటర్లు, పల్లె ఓటర్లు వేరు కాబట్టి ఇదే చివరి మాట అనలేను. కానీ విధేయత అనేది మనిషి ఒంట్లో రక్తంలాగా ఉంటే ఎన్నికను బట్టి రంగు మారదు. నాకు తోచేదేమంటే, జనం అసెంబ్లీకి ఒక లెక్క వేస్తారు, వార్డుకు ఇంకో లెక్క వేస్తారు. వార్డులో కాలువ బాగుపడాలంటే పైన ఎవరున్నారో చూస్తారు. ఇది నా ఊహే. దీన్ని ఎట్లా పరీక్షించవచ్చో చివర్లో చెప్తాను.

*

పెనుకొండ ఇంకా మంచి ఉదాహరణ, ఎందుకంటే అక్కడ చరిత్ర మనకోసం ఒక ప్రయోగం చేసి పెట్టింది. 2017 ఏప్రిల్‌లో కియా మోటార్స్‌తో ఒప్పందం. ఎర్రమంచి దగ్గర ఫ్యాక్టరీ, ఏడాదికి మూడు లక్షల కార్లు తీసే సామర్థ్యం. 2019 జనవరిలో చంద్రబాబు అక్కడే ట్రయల్ ప్రొడక్షన్ ప్రారంభించారు. మూడు నెలల్లో ఎన్నికలు. వేరుశెనగ తప్ప ఇంకేమీ పండని నేల మీద కొరియా కంపెనీ బోర్డు లేచింది. 'అభివృద్ధి చేస్తే జనం ఓటేస్తారు' అనే సిద్ధాంతానికి దేశంలో ఇంతకంటే అనువైన నియోజకవర్గం దొరకదు.

తెలుగుదేశం ఓడిపోయింది. బి.కె. పార్థసారథి మీద వైసీపీ అభ్యర్థి శంకరనారాయణ గెలిచారు.

ఇంతకంటే తేటగా ఏ సిద్ధాంతమూ ఓడిపోలేదు. అయినా చచ్చిపోలేదు. "ఉద్యోగాలు స్థానికులకు రాలేదు" అన్నారు. నిజం కావచ్చు. అట్లయితే సిద్ధాంతాన్ని 'అభివృద్ధి ఓటు తెస్తుంది' అని కాకుండా 'స్థానికుడికి ఉద్యోగమొస్తే ఓటొస్తుంది' అని మార్చుకోవాలి, ఎర్రమంచి చుట్టుపక్కల ఊళ్లలో ఎవరి ఇంట్లో ఎవరికి పని దొరికిందో లెక్క తీయాలి. ఆ పని ఎవరు చేశారు? 2024లో తెలుగుదేశం నుంచి సవిత గెలవగానే పాత వాక్యం దుమ్ము దులుపుకుని వచ్చేసింది, "కియా ఫలించింది" అని. ఐదేళ్లు ఆలస్యంగా ఫలించే చెట్టు అని ముందే చెప్పి ఉంటే నమ్మేవాణ్ని.

పెనుకొండలో కులం సిద్ధాంతం సంగతి ఇంకా విచిత్రం. 2019లో పార్థసారథీ కురుబే, శంకరనారాయణా కురుబే. 2024లో సవితా కురుబే, ఆమె మీద ఓడిన ఉషశ్రీ చరణూ కురుబే. రెండు ఎన్నికల్లోనూ, రెండు వైపులా అదే కులం. ఫలితం మాత్రం తారుమారైంది. మారనిది మారినదానికి కారణం ఎట్లా అవుతుంది? దీనికి పీహెచ్‌డీ అక్కర్లేదు. పొద్దున టీలోనూ సాయంత్రం టీలోనూ చక్కెర ఒకటే వేసి, ఒకటి చేదుగా ఉంటే చక్కెరను తిట్టం కదా.

ఈ మాట అనగానే ఒక ప్రశ్న వస్తుంది, రావాలి కూడా: "అంటే కులం లేదంటావా?" లేదనను. టికెట్ కోసం క్యూలో ఎవరు నిలబడగలరో కులమే నిర్ణయించింది. రెండు పార్టీలూ కురుబ అభ్యర్థినే వెతుక్కోవడం కులం పనే, ఆ కులం తన సంఖ్యను, గొంతును పార్టీల చేత గుర్తింపజేసుకోవడం దశాబ్దాల రాజకీయం. కానీ అభ్యర్థి ఎవరనేదాన్ని వివరించేది, గెలుపెవరిదనేదాన్ని కూడా వివరించాల్సిన పని లేదు. ఒకే తాళంచెవితో రెండు తాళాలూ తీయాలనుకోవడమే తప్పు. రజనీ కొఠారి 1970లోనే, తాను సంపాదకత్వం వహించిన 'క్యాస్ట్ ఇన్ ఇండియన్ పాలిటిక్స్'లో ఈ చిక్కు గుర్తించాడు. కులం రాజకీయాన్ని మింగేస్తోందని అందరూ బాధపడుతున్నారు గానీ, రాజకీయంలోకి దిగిన కులం తానే మారిపోతోందని ఆయన వాదన. అదే పుస్తకంలో ఆంధ్ర రెడ్డి, కమ్మల మీద కరోలిన్ ఇలియట్ రాసిన అధ్యాయం శీర్షికలోనే కులంతో పాటు ముఠా అనే మాట కూడా ఉంది. యాభై ఏళ్ల కిందటి పుస్తకం. మన టీవీ చర్చలు ఇంకా దాని ముందుమాట దాకా రాలేదు.

ఇంతకీ 'కమ్మ వర్సెస్ రెడ్డి' అనే ఈ సూత్రం ఎక్కడ పుట్టింది? తెలుగు రచ్చబండ మీద ఎప్పటినుంచో ఉండొచ్చు గానీ, దాన్ని శాస్త్రంగా అచ్చువేసింది సెలిగ్ హారిసన్ అనే అమెరికన్ జర్నలిస్టు. 1956లో 'అమెరికన్ పొలిటికల్ సైన్స్ రివ్యూ'లో ఆంధ్ర కమ్యూనిస్టుల మీద ఆయన వ్యాసం వచ్చింది. ఆయన ముఖ్యంగా చూసింది డెల్టాను, అక్కడి కమ్యూనిస్టు పార్టీకి కమ్మ రైతుల అండను. ఆ రోజుకు అదొక సాహసమైన పరిశీలనే. కానీ కృష్ణా కాలువ కింద పనికొచ్చిన కొలబద్దను చెరువు కూడా నిండని మడకశిర దాకా మోసుకొచ్చి, కురుబ, బోయ, సాలె, ముస్లిం, దళితుల ఊళ్లను అదే కొలతతో కొలుస్తున్నాం.

కొలుస్తున్నాం అన్నానా, తప్పు. కొలవడం కూడా లేదు. ఏ ఎన్నికల విశ్లేషణ చూసినా 'ఈ నియోజకవర్గంలో ఫలానా కులం ఇంత శాతం' అని ఒక అంకె ఉంటుంది, ఒక్కోసారి దశాంశంతో సహా. ఆ దశాంశం ఎక్కడిది? ఈ దేశంలో అన్ని కులాల వివరాలూ చివరిగా ప్రచురించిన జనగణన 1931ది. అప్పటికి ఈ నియోజకవర్గాలు లేవు, ఈ రాష్ట్రమే లేదు, అనంతపురం మద్రాసు ప్రెసిడెన్సీలో ఒక జిల్లా. 2011 నాటి సామాజిక ఆర్థిక కులగణనలో కులం వివరాలు బయటపెట్టలేదు. 2024 జనవరిలో రాష్ట్ర ప్రభుత్వం మొదలుపెట్టిన కులగణన ఫలితం ఎన్నికల ముందు ఎవరి చేతిలోనూ లేదు. పార్టీల దగ్గరున్నవి వాళ్ల మనుషులు ఓటరు జాబితాలో పేర్లు చూసి వేసుకున్న అంచనాలు. వాటిని టికెట్లు పంచుకోవడానికి వాళ్లు వాడుకోవచ్చు, అది వాళ్ల వ్యాపారం. మనం వాటిని తెచ్చి వ్యాసంలో పెట్టి 'డేటా' అంటే ఎట్లా?

ఫ్యాక్షన్ సంగతి కూడా పెనుకొండ దగ్గరే తేల్చుకోవాలి. పరిటాల రవి 1994 నుంచి పెనుకొండ ఎమ్మెల్యే. 2005 జనవరి 24న అనంతపురంలో పార్టీ ఆఫీసు దగ్గర ఆయన్ను చంపారు. ఆ తర్వాతి రోజుల్లో ఊళ్లకు ఊళ్లు తలుపులేసుకున్నాయి. పెనుకొండ పేరు చెప్తే బయటివాళ్లు ఒక అడుగు వెనక్కి వేసేవాళ్లు, 'రక్త చరిత్ర' సినిమా తర్వాత రెండడుగులు. ఇప్పుడు "పెనుకొండలో ఫ్యాక్షన్ పోయింది, కార్లొచ్చాయి" అని కొత్త కథ. బాగుంది. కానీ 2009 ఎన్నికల నాటికి నియోజకవర్గాల పునర్విభజన జరిగింది. పరిటాల వారి ఊరు ఉన్న రామగిరి మండలం కొత్తగా ఏర్పడిన రాప్తాడులోకి వెళ్లింది, పరిటాల సునీత కూడా రాప్తాడుకే వెళ్లారు. అంటే 2004 పెనుకొండ, 2009 పెనుకొండ అనేవి పేరు ఒకటే అయిన రెండు వేరు ముక్కలు. గీత జరిపి రోగం తగ్గిందంటే ఎవరు ఒప్పుకుంటారు? నిజంగానే తగ్గి ఉండొచ్చు. ఆ మాట అనాలంటే మండలాల వారీగా కేసులు చూడాలి, పాత గీత ప్రకారం మళ్లీ కలిపి చూడాలి.

*

ధర్మవరం గురించి రాయడం నాకు కష్టం. అక్కడ నేనూ తప్పు చేశాను.

2024 ఎన్నికల ముందు ఒక సర్వే ఏజెన్సీకి ఫీల్డ్ పని చేశాను. చేతిలో ట్యాబ్, మెడలో కార్డు. నేత వీధుల్లోకి పంపారు. ధర్మవరంలో కెమెరాకు అలవాటు పడని వీధి లేదు. ఎమ్మెల్యే కేతిరెడ్డి వెంకటరామిరెడ్డి 'గుడ్ మార్నింగ్ ధర్మవరం' పేరుతో పొద్దున్నే వీధుల్లో తిరిగి జనం గోడు వింటున్న వీడియోలు రాష్ట్రమంతా చూసింది. చేనేత కుటుంబాలకు ఏడాదికి 24 వేలిచ్చే నేతన్న నేస్తం పథకాన్ని 2019 డిసెంబర్ 21న ముఖ్యమంత్రి ప్రారంభించింది కూడా ఈ ఊళ్లోనే. సేవ, సంక్షేమం, ప్రచారం, మూడూ ఒకే చోట కుప్పపోసినట్టున్న నియోజకవర్గం.

ఒక ఇంట్లో నడివయసు మనిషి గుంత మగ్గంలో కూర్చుని నేస్తున్నాడు. పని ఆపకుండానే అడిగాడు.

"యా పార్టీ వాళ్లప్పా మీరు?"

"పార్టీ కాదన్నా, సర్వే."

"సర్వే జేపిచ్చేది యా పార్టీ?"

నా దగ్గర జవాబు లేదు. నిజంగానే నాకు తెలియదు. ఈ శాస్త్రంలో ఇంతకంటే మంచి ప్రశ్న నేను ఎక్కడా వినలేదు. తిమూర్ కురాన్ అనే ఆర్థికవేత్త 1995లో ఒక పుస్తకమంతా దీని మీదే రాశాడు: మనుషులు బయటికి చెప్పేది వేరు, లోపల అనుకునేది వేరు, భయమున్నచోట ఆ తేడా ఇంకా పెద్దది అని. మగ్గం మీది మనిషికి ఆ పుస్తకం అక్కర్లేదు. ట్యాబ్ పట్టుకుని వచ్చినవాడు ఎవరి తరఫున వచ్చాడో తేలకుండా నోరు విప్పకూడదని ఆయనకు తెలుసు.

కాసేపు మాటలయ్యాక ఫారంలో అసలు ప్రశ్న అడిగాను. మీ ఓటును నిర్ణయించేది ఏది? అభివృద్ధి, సంక్షేమం, కులం, నాయకుడు, ఇతర. ఒక్కటే ఎంచుకోవాలి. ఆయన చెప్పింది ఇది:

"మగ్గం నాది గాదప్పా, షావుకారిది. నేను చీరకింత అని కూలికి నేస్తాండా. నా పేరున మగ్గం లేకపోతే ఆ దుడ్లు నాకెట్లొస్తాయి? అట్లని ఏమీ జేయలేదని అనను. మా యమ్మకు పింఛను ఇంటికాడికే తెచ్చిస్తాండారు. పిల్లోడు బెంగళూరులో ఉండాడు. వాడు ఓటుకొస్తాడు. వాడు జెప్పినట్ల ఇంట్లో అందురూ వేస్తాము."

సంక్షేమం అందలేదు, సంక్షేమం అందింది, చివరికి నిర్ణయించేది బెంగళూరులో ఉన్న కొడుకు. నా ట్యాబ్‌లో ఒక్క గడికే చోటుంది. ముందురోజు రాత్రే సూపర్‌వైజర్ మెసేజ్ పెట్టాడు: 'ఇతర' ఎక్కువ వస్తోంది, తగ్గించండి అని. నేను 'సంక్షేమం' నొక్కాను. ఆయనకు చీరకింత అని కూలి, నాకు ఫారానికింత అని కూలి.

అది ఒక తప్పు. రెండోది ఇంకా పెద్దది. పద్ధతిగా చేసే సర్వేల్లో ఓటరు జాబితా లోంచి ముందే పేర్లు తీసి, ఆ మనిషినే వెతుక్కుంటూ వెళ్తారు. ఢిల్లీలోని సీఎస్‌డీఎస్-లోక్‌నీతి వాళ్లు చేసేది అట్లాగే. మాది అట్లా కాదు, తలుపు తీసినవాళ్లే శాంపిల్. పగలు పదకొండింటికి ధర్మవరంలో తలుపు తీసేది ఎవరు? ముసలివాళ్లు, ఆడవాళ్లు, ఇంట్లో మగ్గమున్నవాళ్లు. ఇంటిల్లిపాది ఓటునూ నిర్ణయించే ఆ పిల్లోడు వంద మైళ్ల అవతల ఏ హోటల్లోనో, ఏ వేర్‌హౌస్‌లోనో ఉన్నాడు. మా సర్వేలో అతను పుట్టనే లేదు. చివరి రోజు పద్దెనిమిది నుంచి ఇరవై అయిదేళ్ల మగవాళ్ల కోటా నిండలేదు. బస్టాండు పక్కన టీ కొట్లో కూర్చుని మూడు ఫారాలు నేనే నింపాను. ముగ్గురు కుర్రాళ్ల అభిప్రాయాలు నేనే ఊహించి రాశాను. ఏ అభిప్రాయాలు రాశానో మీరు ఊహించగలరు: నావి.

హిందూపురం పట్టుగూళ్ల మార్కెట్‌కు ఒకసారి వెళ్లి చూడండి. కొనేవాడు గుట్ట పైన మెరిసే గూళ్లను చూసి పాట పాడడు. చేయి లోపలికి దూర్చి అడుగునున్నవి తీస్తాడు, వేళ్ల మధ్య నొక్కి చూస్తాడు, చెవి దగ్గర పెట్టుకుని ఊపుతాడు. తప్పు చూస్తే పోయేది తన డబ్బు కాబట్టి అతనికి శాంపిల్ తీయడం తెలుసు. మనకు తెలియదు, ఎందుకంటే మన డబ్బు పోదు.

ఇక ఫలితం. బీజేపీ నుంచి సత్యకుమార్ యాదవ్ గెలిచారు. మెజారిటీ నాలుగు వేల లోపు. పోలైన ఓట్లు రెండు లక్షలకు పైనే, అంటే తేడా రెండు శాతం కూడా లేదు. నియోజకవర్గానికి నాలుగు వందల మందిని అడిగే సర్వేలో, అన్నీ సక్రమంగా చేసినా, దాదాపు అయిదు శాతం అటూ ఇటూ పొరపాటుకు చోటుంటుంది. ఇద్దరు అభ్యర్థుల మధ్య తేడా చూడాలంటే ఆ పొరపాటు దాదాపు రెట్టింపవుతుంది. ఒక్క శాతం దాకా తగ్గించాలంటే పదివేల మందిని అడగాలి. అందువల్ల ధర్మవరం గురించి ముందుగా చెప్పి సరిపోయినవాడు జ్ఞాని కాదు, చెప్పి తప్పినవాడు మూర్ఖుడూ కాదు. ఇద్దరూ బొమ్మా బొరుసూ వేశారు.

"వీడియోలు ఓట్లు తేవు" అనే వాక్యం సంగతి? తిప్పి చూడండి. అదే ఎన్నికలో పక్క హిందూపురంలో వైసీపీ 32 వేలకు పైగా తేడాతో ఓడింది. ధర్మవరంలో నాలుగు వేల లోపే. అయితే ఆ పొద్దుటి తిరుగుళ్లే కేతిరెడ్డిని దాదాపు గట్టెక్కించాయని అనొచ్చు కదా? అనొచ్చు. ఒక వారం నేనే అట్లా అంటూ తిరిగాను, తెలివైన మాట అనిపించుకుంటుంది కూడా. ఆ తర్వాత మడకశిర చూశాను. అదే లోక్‌సభ స్థానంలోని సీటు, ఏ వీడియోల పేరూ లేని సీటు, అక్కడ వైసీపీ ఓడింది 351 ఓట్లతో. నా తెలివి అక్కడికి సరి. పైగా ధర్మవరంలో కూటమి అభ్యర్థి తెలుగుదేశం మనిషి కాదు, బీజేపీ మనిషి; ఆ ఓటు బదిలీలో ఎంత జారిపోయిందో వేరే లెక్క. ఒక నియోజకవర్గాన్ని విడిగా పట్టుకుని ఏ కథైనా చెప్పొచ్చు. పక్కన ఇంకొకటి పెట్టగానే కథ తడబడుతుంది. ఆ తడబాటు కోసమే పోల్చి చూడాలి.

రాష్ట్రం మొత్తానికి కూడా ఇదే జబ్బు. 2019లో వైసీపీకి 151 సీట్లు, 2024లో 11. దాంతో "జనం మూకుమ్మడిగా తిరస్కరించారు" అనే మీద వందల వ్యాసాలు. ఓట్లు చూస్తే 49.95 శాతం నుంచి 39.37 శాతానికి తగ్గాయి. నికరంగా నూటికి పది ఓట్ల తేడా. దానికి అవతలి పార్టీల పొత్తు తోడైంది. మిగతా దాదాపు నలభై మంది మళ్లీ అదే గుర్తు నొక్కారు. వాళ్లెవరు, ఎందుకు నొక్కారు అని ఎవరూ వ్యాసం రాయలేదు. గెలిచిన కథకే కాగితం దొరుకుతుంది.

*

ఇదంతా చదివి 'అయితే అంకెలు వద్దంటాడు' అనుకోకండి, 'థియరీ వద్దంటాడు' అనీ అనుకోకండి. బలహీనుల రోజువారీ ప్రతిఘటన గురించి జేమ్స్ స్కాట్ రాసిన 'వెపన్స్ ఆఫ్ ది వీక్' (1985)ను మనం థియరీ పుస్తకంలాగా ఉటంకిస్తాం. ఆయన ఏడాదికి పైగా ఒక మలేసియా పల్లెలో ఉండి, ఇంటింటి భూమి లెక్కా ఆదాయం లెక్కా తీసి, అప్పుడు రాశాడు. మనం ఆ కాలాన్నంతా వదిలేసి ఆ రెండు మాటలను తెచ్చుకున్నాం.

మన దగ్గరే ఇంకా దగ్గరి మనిషి ఉన్నాడు. బాలగోపాల్ గణితంలో పీహెచ్‌డీ చేసి కాకతీయ యూనివర్సిటీలో లెక్కలు చెప్పినవాడు. సీమ ముఠాల గురించి ఆయన రాసినవి చదివితే సిద్ధాంతం కనపడుతుంది, కానీ దాని కింద ఊరి పేరు, భూమి, కాంట్రాక్టు, ఎవరు ఎవరి దగ్గర పనిచేస్తారు అనేవి కనపడతాయి. పౌరహక్కుల సంఘాలు 'నిజనిర్ధారణ' అని పిలుచుకునే పనిని మన యూనివర్సిటీలు పరిశోధనా పద్ధతిగా ఎప్పుడూ గుర్తించలేదు. రెండు పక్షాల ఇళ్లకూ వెళ్లడం, పోలీసు కాగితం చూడడం, అది చెప్పేదీ ఊరు చెప్పేదీ ఎక్కడ కలవదో రాసుకోవడం, తేలనిదాన్ని తేలలేదని రాయడం. కింగ్, కోహేన్, వెర్బా కూడా దీనికి అభ్యంతరం చెప్పరు, పెరెస్త్రోయికా వాళ్లూ చెప్పరు.

దీనివల్ల ఎవరికి నష్టం అని అడగొచ్చు. సిద్ధాంతాలు తప్పయితే పోనీ, టీవీ వాళ్ల గోల అనుకుని వదిలేద్దాం అనొచ్చు. కానీ ఈ వాక్యాలను పార్టీలు కొనుక్కుంటాయి. 'అభివృద్ధి ఓట్లు తేదు' అని పెనుకొండ నుంచి నేర్చుకున్నవాళ్లు ఒక రకం బడ్జెట్ వేస్తారు. 'సంక్షేమం ఓట్లు తేదు' అని ధర్మవరం నుంచి నేర్చుకున్నవాళ్లు ఇంకో రకం బడ్జెట్ వేస్తారు. సొంత మగ్గం లేని ఆ మనిషి రెండు బడ్జెట్లలోనూ ఉండడు. పథకానికి ఆయన లబ్ధిదారుడు కాదు. నా ట్యాబ్‌లో మాత్రం ఆయన సంక్షేమానికి ఓటేసినవాడు. ఆయన మాట నోటి దగ్గరే ఉండింది, గడి లేక పోయింది, గడిని తప్పుగా నొక్కింది నేను.

అందుకే నేనూ డిపాజిట్ కడతాను. హిందూపురం వార్డుల్లో జనం పైన ఎవరున్నారో చూసి ఓటేస్తారని అన్నాను కదా. వచ్చే మునిసిపల్ ఎన్నికలో అక్కడ తెలుగుదేశం గెలిస్తే నేను చెప్పింది నిజమైపోయినట్టు కాదు. ఇప్పుడు రాష్ట్రంలో ఉన్నది ఆ పార్టీనే కాబట్టి విధేయత సిద్ధాంతమూ అదే చెప్తుంది, నాదీ అదే చెప్తుంది. ఓడిపోతే రెండూ తప్పే. రెంటినీ విడదీయాలంటే రాష్ట్రంలో ఇంకో పార్టీ ఉన్నప్పుడు జరిగే మునిసిపల్ ఎన్నిక దాకా ఆగాలి. అప్పుడు హిందూపురం పురపాలక సంఘం తెలుగుదేశానికే దక్కితే, నేను రాసింది తప్పని ఇక్కడే రాస్తాను. ఎన్నాళ్లు పడుతుందో తెలియదు. ఈలోగా నేను నింపిన ఆ మూడు ఫారాలు ఏ నివేదికలోనో ఒక శాతంలో భాగంగా ఉన్నాయి. వాటిని వెనక్కి తీసుకునే దారి నాకు లేదు.